గ్యాస్ గ్రిల్: ఒక బర్నర్‌ది పసుపు మంట, వేడి 300 దాటట్లేదు. వెలిగించే ముందు ఎలా శుభ్రం చేయాలి?

పెరటివంట (ప్లేనో, టెక్సస్):

అందరికీ నమస్కారం. మాది మూడు బర్నర్ల ప్రొపేన్ గ్రిల్, 20 పౌండ్ల సిలిండర్. కొని నాలుగేళ్లయింది. నవంబర్ చివర్లో కవర్ కప్పింది, మళ్లీ ఇప్పుడే తీశాం. మే చివర్లో వచ్చే సెలవు, మెమోరియల్ డేకి ఇరవై మంది భోజనానికి వస్తున్నారు. చికెన్ టిక్కా, మొక్కజొన్న పొత్తులు, పచ్చడికి వంకాయలు, అన్నీ దీని మీదే కాల్చాలి.

ఎడమ బర్నర్ సగం దాకానే మండుతోంది, ఆ సగం కూడా పసుపు మంట. మూడూ హైలో పెట్టి పావుగంట ఆగినా మూత మీది మీటరు 300 ఫారన్‌హీట్ దగ్గరే నిలిచిపోతోంది. మూత లోపలి నుంచి నల్లటి పెచ్చులు రాలుతున్నాయి, అది పెయింటేమోనని అనుమానం. అడుగున ట్రేలో జిడ్డు గడ్డకట్టి వేలెడు మందాన ఉంది.

ఓవెన్ క్లీనర్ కొట్టి ప్రెషర్ వాషర్‌తో కడిగేస్తే సరిపోతుందా? వైర్ బ్రష్ వాడొద్దని కొందరు అంటున్నారు, మరి దేంతో రుద్దాలి? ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెప్పగలరు.

నీలిమంట:

ముందుగా ఒక్కటి. బర్నర్లు విప్పి చూసేదాకా దాన్ని మళ్లీ వెలిగించకండి. బర్నర్ సగమే మండుతూ, మంట పసుపుగా ఉందంటే గొట్టంలో ఏదో అడ్డం ఉన్నట్టే. ఐదారు నెలలు వాడని గ్రిల్‌లో చాలాసార్లు అది సాలెగూడే.

అది ఎందుకు ప్రమాదమో తెలిస్తే మిగతా పనంతా మీకే అర్థమవుతుంది. నాబ్ వెనక వాల్వ్ ఉంటుంది, దాని కొసన సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. దాన్ని ఆరిఫిస్ అంటారు. గ్యాస్ అందులోంచి జోరుగా చిమ్మి బర్నర్ గొట్టం నోట్లోకి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ గొట్టం పక్కనే ఉన్న చిన్న గాలి కిటికీలోంచి గాలిని లాక్కుపోతుంది. గాలీ గ్యాసూ కలిసి పై రంధ్రాల్లోంచి వస్తేనే నీలం మంట. మధ్యలో గూడు ఉంటే గాలి చాలదు, మంట పసుపు అవుతుంది. గూడు ఇంకా దట్టమైతే గ్యాస్ ముందుకు పోలేక గొట్టం నోటి నుంచే వెనక్కి పొంగి, కంట్రోల్ ప్యానెల్ లోపల అంటుకుంటుంది. మంట వెనక్కి తన్నడం అంటే ఇదే. నాబులు కరుగుతాయి, ఆ పక్కనే ఉన్న రబ్బరు పైపు కాలుతుంది. కింద ఉన్న సిలిండర్‌కి వెళ్లేది ఆ పైపే.

ఇంధనం వాసనకి కొన్ని రకాల సాలీళ్లు చేరతాయి. 2011లో మాజ్దా కంపెనీ అమెరికాలో మాజ్దా 6 కార్లను వెనక్కి పిలిపించింది కూడా పెట్రోల్ ఆవిరి పోయే గొట్టంలో సాలీళ్లు గూడు కడుతున్నాయనే. టెక్సస్‌లో వీటికి తోడు మట్టిగూళ్లు కట్టే కందిరీగలు ఉంటాయి. ఆ మట్టి ఎండితే ఊదినా రాదు, గీకాల్సిందే.

ఇక పని. నాబులన్నీ ఆఫ్‌లో పెట్టి సిలిండర్ వాల్వ్‌ని కుడివైపు తిప్పి పూర్తిగా బిగించండి. పైపు చివరి నల్లటి ప్లాస్టిక్ నట్‌ని చేత్తోనే ఎడమకి తిప్పి ఊడదీసి, సిలిండర్‌ని ఓ పది అడుగుల అవతల నీడలో నిలబెట్టండి. పడుకోబెట్టొద్దు.

గ్రేట్లు, అంటే ముక్కలు పెట్టి కాల్చే కడ్డీల జాలీలు, తీయండి. వాటి కింద గుడిసె కప్పులా వంచిన రేకులు ఉంటాయి, అవీ తీయండి. ఏది ఎక్కడ ఉందో తీసే ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, బిగించేటప్పుడు పనికొస్తుంది. ఇప్పుడు బర్నర్లు కనపడతాయి. వెనక చివర ఒక స్క్రూ గానీ జడపిన్ను లాంటి క్లిప్పు గానీ పట్టి ఉంచుతుంది. అది తీసి, బర్నర్ వెనక భాగం పైకెత్తి మీ నుంచి అవతలికి లాగితే వాల్వ్ మీంచి జారి వచ్చేస్తుంది. బర్నర్ నుంచి బర్నర్‌కి మంట అందించే అడ్డపట్టీ ఉంటే దాన్ని ముందే విప్పాలి.

గొట్టం నోట్లోకి టార్చి వేసి చూడండి. గూడు తెల్లటి దూదిలా, నోటికి రెండు మూడు అంగుళాల లోపల ఉంటుంది. దీనికని సన్నగా పొడుగ్గా వంగే వెంచురి బ్రష్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని నోట్లోంచి దూర్చి, తిప్పుతూ చివరిదాకా పోనిచ్చి, అలాగే తిప్పుతూ వెనక్కి లాగండి. రెండు మూడు సార్లు చేయండి. తర్వాత గొట్టంలోకి పైపుతో నీళ్లు పట్టి చూస్తే ప్రతి రంధ్రం నుంచీ సమానంగా ధార రావాలి. రాని రంధ్రాలు ఎక్కడున్నాయో అప్పుడే తెలిసిపోతుంది. కడిగాక ఎండలో బాగా ఆరనివ్వండి. తడి లోపల ఉంటే మంట చిటపటలాడుతుంది, లోపల తుప్పూ పడుతుంది.

రంధ్రాలను బర్నర్ పొడవునా కాకుండా అడ్డంగా రుద్దాలి. పొడవునా రుద్దితే ఒక రంధ్రంలోంచి లేచిన మసి పక్క రంధ్రంలో పడుతుంది. మూసుకున్న వాటిని విప్పిన పేపర్ క్లిప్పుతో నెమ్మదిగా పొడవండి. డ్రిల్లు పెట్టి రంధ్రం పెద్దది చేయొద్దు. ఇత్తడి ఆరిఫిస్ జోలికి మాత్రం ఏ తీగా పోనివ్వకండి. ఆ రంధ్రం వెంట్రుకంత వెడల్పైనా గ్యాస్ కొలత మారిపోతుంది. పొడి టూత్ బ్రష్‌తో పైపైన తుడిస్తే చాలు.

తిరిగి బిగించేటప్పుడు చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆరిఫిస్ కొన బర్నర్ గొట్టం నోట్లో లోపలికి వెళ్లి కూర్చోవాలి. పక్కకి ఆనుకుని ఉన్నా పైనుంచి చూస్తే బాగానే బిగిసినట్టు ఉంటుంది. వంగి, టార్చి వేసి, మూడింటికి మూడూ లోపలే ఉన్నాయని కళ్లతో చూశాకే స్క్రూ బిగించండి. ఒక్కటి తప్పినా గ్యాస్ నేరుగా ప్యానెల్‌లోకి పోతుంది. అంటే శుభ్రం చేసి మరీ ప్రమాదం తెచ్చుకున్నట్టు.

జిడ్డుమరక:

నీలిమంట గారు బర్నర్ల సంగతి చెప్పారు కాబట్టి నేను డొక్కు (బర్నర్లు కూర్చునే పెట్టె), ట్రే, గ్రేట్ల గురించి రాస్తాను.

బర్నర్లు బయట ఉన్నప్పుడే డొక్కు గీకేయాలి. పైనుంచి కిందికే రండి: ముందు మూత, తర్వాత పక్క గోడలు, చివరికి అడుగు. అడుగు శుభ్రం చేశాక మూత గీకితే ఆ పెచ్చులన్నీ మళ్లీ దాని మీదే పడతాయి. గీకే ముందు, గోడలోంచి పొడుచుకొచ్చిన వాల్వ్ కొనలకి చిన్న ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బర్ బ్యాండ్ వేయండి. అందులో మసి పడితే కొత్త తలనొప్పి.

మూత లోపల రాలేది పెయింట్ కాదు. లోపలి వైపు మామూలుగా పెయింటే వేయరు. అది జిడ్డు ఆవిరి, పొగ కలిసి పొరలు పొరలుగా మాడి బొగ్గైంది. పాత గోడ సున్నంలా పెచ్చులు లేస్తుంది. అల్యూమినియం ఫాయిల్ ఉండతో గానీ ప్లాస్టిక్ గీకుడుతో గానీ రాల్చి, గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తుడిచేయండి. తళతళలాడే దాకా రుద్దనక్కర్లేదు, ఊడేది ఊడితే చాలు.

అడుగున మాత్రం మొహమాటపడొద్దు. వెడల్పాటి పుట్టీ కత్తితో ట్రే రంధ్రం వైపుకి అంతా గీకి దింపండి. అమెరికాలో ఇళ్ల దగ్గర గ్రిల్ మంటలు ఎక్కువ జరిగేది జులైలో. వాటి కారణాల్లో శుభ్రం చేయకపోవడం ముందు వరసలో ఉంటుందని అగ్నిప్రమాదాల లెక్కలు చూసే ఎన్‌ఎఫ్‌పీఏ ఏటా చెప్తూనే ఉంది. వేలెడు మందాన జిడ్డు అంటున్నారు కదా, వేడెక్కితే అదంతా నూనె కింద లెక్క. చల్లారాక కాగితాల్లో చుట్టి చెత్తలో వేయండి. సింకులో వేడినీళ్లతో కరిగించి పోస్తే డ్రెయిన్ పైపులో మళ్లీ గడ్డకడుతుంది.

డొక్కు అడుగంతా ఫాయిల్ పరిచే అలవాటు ఉంటే మానేయండి. ఫాయిల్ ముడతల్లో జిడ్డు మడుగు కడుతుంది, ట్రేలోకి జారదు, గాలి వెళ్లే సందులు కూడా మూసుకుంటాయి. ట్రేలో పెట్టుకునే అల్యూమినియం గిన్నె మార్చుకుంటూ ఉంటే సరిపోతుంది.

ఓవెన్ క్లీనర్ వద్దు. చాలావాటిలో సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, అంటే కాస్టిక్ సోడా. గ్రిల్ డొక్కులు చాలావరకు పోత అల్యూమినియం. కాస్టిక్ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది, పైన గరుకుగా తెల్లబారుతుంది. ప్రెషర్ వాషర్ కూడా వద్దు. ఆ ధార వాల్వ్‌ల్లోకి, ఇగ్నైటర్ (వెలిగించే నిప్పురవ్వ పుట్టించేది) వైర్లలోకి నీళ్లు కొడుతుంది, జిడ్డంతా పెరట్లో సిమెంటు మీద చిమ్ముతుంది. గిన్నెల సబ్బు, వేడినీళ్లు, బేకింగ్ సోడా ముద్ద, వీటితో కానిది గ్రిల్‌లో ఏమీ ఉండదు.

వైర్ బ్రష్ మాట నిజమే. తీగలు ఊడి గ్రేటుకి అంటుకుంటాయి, అక్కడి నుంచి ముక్కలోకి, ముక్కలోంచి గొంతులోకో పేగులోకో. 2012లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. 2002 నుంచి 2014 దాకా ఈ తీగల వల్ల అమెరికాలో ఎమర్జెన్సీ రూములకి వెళ్లినవాళ్లు సుమారు 1,700 మంది అని ఒక పరిశోధన అంచనా కట్టింది. దాని బదులు గ్రేట్లు బాగా వేడి ఉన్నప్పుడు చెక్క గీకుడు వాడండి. వాడుతుంటే దాని అంచు మీ గ్రేట్ కడ్డీల ఆకారానికి తగ్గట్టు కాలి గాడి పడుతుంది, అప్పుడు ఇంకా బాగా పనిచేస్తుంది. ఫాయిల్‌ని టెన్నిస్ బంతంత ఉండ చేసి పట్టుకారతో పట్టి రుద్దినా మంచిదే. నైలాన్ బ్రష్ చల్లటి గ్రేట్ల మీదే, వేడి మీద పెడితే కరిగి అంటుకుంటుంది. ఏది వాడినా చివర్లో తడి గుడ్డ మడిచి పట్టుకారతో ఒకసారి తుడవండి.

మన వంటకి సంబంధించి ఒకటి. టిక్కాకి పట్టించే పెరుగు, నిమ్మరసం, ఉప్పు గ్రేటు మీద మాడితే మామూలు మాంసం జిడ్డు కన్నా మొండిగా పట్టుకుంటాయి. పోత ఇనుము గ్రేటైతే పులుపు దాని మీది నూనె పొరని కూడా తినేస్తుంది. స్టీలు మీద ఉప్పు నిలిస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. అందుకే టిక్కా అయిన రోజున రేపు చూద్దాం అనుకోకండి. దించగానే మూత మూసి పది నిమిషాలు హైలో ఉంచి, మాడిందాన్ని గీకి, మంట ఆపి, నూనె అద్దిన గుడ్డతో పల్చగా తుడవండి. ఆ పది నిమిషాలూ అక్కడే ఉండాలి. మర్చిపోయి లోపలికి వెళ్లిపోతే ట్రేలోదే అంటుకుంటుంది. వంకాయలకైతే కాల్చే ముందు నాలుగు గాట్లు పెట్టండి, లేకపోతే చిట్లి రసమంతా బర్నర్ రంధ్రాల మీద కారుతుంది. పొత్తుల పీచు కూడా పూర్తిగా తీసేయండి, అది కాలుతూ రేకుల సందుల్లోకి రాలుతుంది.

సబ్బునీళ్లు:

300 దగ్గర ఆగడం గురించి. బర్నర్లు శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే అది రెగ్యులేటర్ పని. చెడిపోయిందని కొత్తది కొనేయకండి, చాలాసార్లు అది కావాలనే తనని తాను బిగించుకుని ఉంటుంది.

పైపు చివరి నల్ల నట్‌లో గ్యాస్ ఒక్కసారిగా జోరుగా పోతే అడ్డుపడే ఏర్పాటు ఉంటుంది. పైపు తెగితే సిలిండరంతా ఖాళీ కాకుండా ఆపడానికి పెట్టింది. నాబు ముందే తిప్పి ఉంచి, తర్వాత సిలిండర్ వాల్వ్ ఒక్కసారిగా తెరిస్తే, పైపు తెగిందనుకుని అది మూసుకుంటుంది. కొద్దిపాటి గ్యాస్‌ని మాత్రమే వదులుతుంది. మంట ఉంటుంది, వేడి 250, 300 దాటదు. అచ్చం మీరు చెప్పిన లక్షణమే.

విడిపించడం ఇలా. సిలిండర్ వాల్వ్ మూసేయండి. మూత ఎత్తి నాబులన్నీ హైకి తిప్పి ఒక నిమిషం ఆగండి, పైపులో మిగిలిన గ్యాస్ పోతుంది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. నాబులన్నీ మూసి, నట్ ఊడదీసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చేత్తో బిగించండి. ఇప్పుడు నాబులన్నీ ఆఫ్‌లో ఉండగానే సిలిండర్ వాల్వ్‌ని చాలా నెమ్మదిగా తెరవండి. పావు చుట్టు తిప్పి పది సెకన్లు ఆగి, అప్పుడు మిగతాది. ఆ తర్వాతే మూత ఎత్తి ఉంచి ఒక బర్నర్ వెలిగించాలి. ఇకముందు ఎప్పుడూ ఇదే వరస: వాల్వ్ ముందు, నాబు తర్వాత. ఆపేటప్పుడు నాబులు ముందు, వాల్వ్ తర్వాత.

మూత ఎత్తే ఉంచమనడానికి కారణం ఉంది. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. వెలగకపోతే ఎగిరిపోదు, డొక్కులో నీళ్లలా నిలుస్తుంది. ఐదు సెకన్లలో అంటుకోకపోతే నాబు మూసి ఐదు నిమిషాలు ఆగండి. ఊరికే టిక్కు టిక్కుమని కొడుతూ ఉండొద్దు.

సిలిండర్‌లో ఎంత ఉందో కూడా చూసుకోండి. హ్యాండిల్ ఉన్న కాలర్ మీద టీడబ్ల్యూ అని ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, మామూలుగా 17 పౌండ్లు. బరువు తూచే మెషిన్ మీద నిలబెట్టి ఆ 17 తీసేస్తే మిగిలింది గ్యాస్. పేరుకి 20 పౌండ్ల సిలిండరే అయినా మార్పిడి చేసే చోట్ల చాలావరకు 15 పౌండ్లే నింపి ఇస్తారు. పౌండు ప్రొపేన్‌కి సుమారు 21,500 బీటీయూ (వేడిని కొలిచే లెక్క). మీ మూడు బర్నర్లూ కలిపి 36,000 బీటీయూ అనుకుంటే హైలో గంటకి 1.7 పౌండ్లు, అంటే 15 పౌండ్లు తొమ్మిది గంటల లోపే. ఇరవై మందికి వంటంటే నాలుగు పౌండ్ల కన్నా తక్కువ ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు.

అదే కాలర్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటుంది. 12 ఏళ్లు దాటిన సిలిండర్‌ని మళ్లీ పరీక్ష చేయించకుండా నింపరు.

అన్నీ బిగించాక లీక్ పరీక్ష తప్పనిసరి. గిన్నెల సబ్బు సగం, నీళ్లు సగం కలపండి. నాబులన్నీ ఆఫ్, సిలిండర్ వాల్వ్ ఒక చుట్టు తెరిచి, ఈ నీళ్లని పాత పెయింట్ బ్రష్‌తో పూయండి: వాల్వ్ కాడ దగ్గర, నట్ చుట్టూ, రెగ్యులేటర్ రెండు వైపులా, పైపు మొత్తం, పైపు గ్రిల్‌కి కలిసే చోట. పూసినప్పుడు వచ్చే నురగ వేరు. ఒకే చోట బుడగ ఉబ్బుతూ పెరుగుతుంటే అది లీకు. అగ్గిపుల్లతో ఎన్నడూ చూడొద్దు.

ఆకుపచ్చపుల్ల:

మంట పైకి లేచినప్పుడు పక్కనే స్ప్రే బాటిల్‌లో నీళ్లు పెట్టుకుంటే చాలు కదా? టిక్కా చేసేటప్పుడు చాలామంది అలాగే చేస్తారు.

జిడ్డుమరక:

వద్దండీ. మండుతున్న నూనె మీద నీటి చుక్క పడితే అది అక్కడికక్కడే ఆవిరై, మంటపట్టిన నూనెని చుట్టూ చిమ్ముతుంది. చెయ్యి దగ్గర పెట్టి కొట్టేది మీరే. చిన్నగా లేచిన మంటైతే ముక్కల్ని మంట లేని వైపుకి జరిపి మూత వేయండి. అసలు టిక్కా కాల్చేటప్పుడు మూడో బర్నర్‌ని వెలిగించకుండా అలాంటి చోటు ఒకటి ఉంచుకోవాలి. టిక్కా ముక్కల మీది మిగిలిన పెరుగూ నూనే విదిలించి వేస్తే సగం మంటలు రావు.

అడుగున జిడ్డే అంటుకుంటే వరస వేరు. నాబులు ఆఫ్, మూత మూసి, చెయ్యి కాలకుండా అందితే సిలిండర్ వాల్వ్ కూడా ఆఫ్. చల్లారేదాకా మూత తెరవొద్దు, తెరిస్తే గాలి తగిలి భగ్గుమంటుంది. పొడి రసాయనం ఉన్న ఏబీసీ రకం ఆర్పే సిలిండర్‌ని గ్రిల్ పక్కన కాకుండా, ఇంట్లోంచి పెరట్లోకి వచ్చే తలుపు దగ్గర పెట్టుకోండి. మంట గ్యాస్ సిలిండర్ వైపో పైపు వైపో పోతే ఆర్పే ప్రయత్నం వద్దు. అందరినీ దూరం తీసుకెళ్లి 911కి ఫోన్ చేయండి.

ఎడిసన్_మేడమీద:

అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఇదే గ్రిల్ పెట్టుకోవచ్చా?

సబ్బునీళ్లు:

చాలా రాష్ట్రాలు తీసుకున్న ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం, ఒకటి రెండు కుటుంబాలు ఉండే విడి ఇళ్లకి తప్ప మిగతా భవనాల్లో చెక్క లాంటి కాలే బాల్కనీల మీద గానీ, కాలే కట్టడానికి 10 అడుగుల లోపల గానీ మంటతో వండే గ్రిల్ పెట్టకూడదు. స్ప్రింక్లర్లు ఉన్న భవనాలకి మినహాయింపు ఉన్నా, ఊరి నియమమూ మీ లీజూ అంతకన్నా గట్టిగా ఉండొచ్చు. లీజు కాగితం, ఊరి ఫైర్ మార్షల్ ఆఫీసు, ఈ రెండూ చూడకుండా కొనొద్దు. అద్దె ఇంట్లో అయితే ఎలక్ట్రిక్ గ్రిల్ నయం.

విడి ఇళ్లవాళ్లకి కూడా ఒక మాట: సిలిండర్‌ని, వాడకంలో లేనిదైనా సరే, గరాజ్‌లో పెట్టొద్దు. లీకైన గ్యాస్ నేల మీద పాకుతూ పోయి వాటర్ హీటర్ పైలట్ మంటని అందుకుంటుంది. బయట, నీడలో, నిలబెట్టి ఉంచాలి. కారులో తెచ్చేటప్పుడు కూడా నిలబెట్టే తేవాలి, అద్దాలు కాస్త దించాలి, దారిలో ఆగి ఇంకో షాపుకి వెళ్లకూడదు. టెక్సస్ ఎండలో మూసిన కారు లోపల సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి సేఫ్టీ వాల్వ్ గ్యాస్ వదలొచ్చు.

డాబామీద (హైదరాబాద్):

అమెరికా నుంచి గ్రిల్ తెచ్చుకుని ఇక్కడి 14.2 కిలోల సిలిండర్‌కి కలుపుకోవాలనుకునే వాళ్లకి: ఆ నల్ల నట్ మన వాల్వ్‌కి పట్టదు. బజార్లో దొరికే అడాప్టర్లతో అతికించే పని పెట్టుకోకండి. ఇక్కడి ఎల్పీజీలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది, ఆ గ్రిల్ ఆరిఫిస్‌లు ఒట్టి ప్రొపేన్‌కి చేసినవి. ఇక్కడి గ్యాస్‌కి చేసిన గ్రిల్లే కొనండి. పైపు ఐఎస్‌ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా పైపు అయి ఉండాలి, దాని మీద ముద్రించిన ఐదేళ్ల గడువు చూసి మార్చండి. గ్యాస్ వాసన వస్తే 1906కి ఫోన్ చేయాలి. సాలెగూళ్లు, సబ్బు నీళ్లు, జిడ్డు సంగతులు మాత్రం ఇక్కడికీ అక్షరాలా వర్తిస్తాయి.

పెరటివంట:

అందరికీ చాలా థాంక్స్. బర్నర్లు విప్పాను. ఎడమదాంట్లో తెల్లటి గూడు ఉంది, మధ్యదాంట్లో కొంచెం మట్టి. రెండూ తీసేశాను. రెగ్యులేటర్ కూడా చెప్పినట్టే చేస్తే ఇప్పుడు పన్నెండు నిమిషాల్లో 525 వచ్చింది. రెండు ప్రశ్నలు మిగిలాయి. కుడి బర్నర్‌లో ఒకచోట తుప్పు పట్టి రెండు రంధ్రాలు కలిసిపోయాయి, ఫరవాలేదా? సబ్బు నీళ్లు పూస్తే నట్ దగ్గర ఒక బుడగ నెమ్మదిగా ఉబ్బుతోంది.

సబ్బునీళ్లు:

బుడగ ఉన్నంతసేపూ వెలిగించొద్దు. వాల్వ్ మూసి, నట్ ఊడదీసి, సిలిండర్ వాల్వ్ నోట్లోకి టార్చి వేసి చూడండి. లోపల నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. అది చిట్లినా, పక్కకి జరిగినా, లేకపోయినా లీకు అక్కడి నుంచే. ఆ రింగుని మీరు మార్చే ప్రయత్నం చేయకండి, సిలిండరే మార్పించుకోండి. రింగు బాగుంటే నట్ లోపల ఇసుక రేణువులు తుడిచి, మరలు సరిగ్గా పట్టేలా చేత్తోనే గట్టిగా బిగించి మళ్లీ పూయండి. పానా పెట్టొద్దు, అతిగా బిగిస్తే ప్లాస్టిక్ మరలు అరిగిపోతాయి. ఇంకా బుడగ వస్తుంటే రెగ్యులేటరూ పైపూ కలిపి జతగా మార్చండి. వాల్వ్ మూసినా వాసన ఆగకపోతే సిలిండర్‌ని ముట్టుకోకుండా దూరంగా వెళ్లి 911.

పైపుని చేత్తో వంచుతూ పొడవంతా చూడటం మర్చిపోకండి. వంచినప్పుడే సన్నటి పగుళ్లు తెరుచుకుని కనిపిస్తాయి. ఎలుకలు కొరికిన గుర్తులు ఉంటే లీకు లేకపోయినా మార్చేయాల్సిందే.

నీలిమంట:

కలిసిపోయిన రంధ్రాలున్న బర్నర్ మార్చండి. అక్కడ మంట నాలుకలా పైకి లేచి రేకుని కాలుస్తుంది, చివరి రంధ్రాలకి గ్యాస్ చాలదు. మీ గ్రిల్ మోడల్ నంబర్ క్యాబినెట్ తలుపు లోపలో వెనకో స్టిక్కర్ మీద ఉంటుంది. దాన్ని బట్టే తెప్పించుకోండి. పొడవు సరిపోయిందని ఏదో ఒకటి కొంటే గొట్టం నోరు ఆరిఫిస్ మీద సరిగ్గా కూర్చోదు. రెండు బర్నర్లతో వండుకోవడంలో తప్పులేదు గానీ, ఆ కుడి బర్నర్‌ని తీసేసి నాబు ఆఫ్‌లో ఉందిలే అనుకుని వండొద్దు. పిల్లలెవరైనా ఆ నాబు తిప్పితే గ్యాస్ నేరుగా డొక్కులోకి వస్తుంది. కొత్తది వచ్చేదాకా పాతదాన్నే దాని చోట బిగించి ఉంచండి, వెలిగించకండి. పిల్లల్ని ఎటూ గ్రిల్‌కి కనీసం మూడడుగుల దూరంలో ఉంచాలి.

పెరటివంట:

సిలిండర్ మార్చాం, రింగే చిట్లింది. ఇప్పుడు బుడగలు లేవు. కొత్త బర్నర్ కూడా వచ్చింది. మంట నీలంగానే ఉంది గానీ కొసల్లో కాస్త పసుపు కనిపిస్తోంది. మళ్లీ విప్పాలా?

నీలిమంట:

అక్కర్లేదు. ప్రొపేన్‌కి కొసన కొద్దిగా పసుపు మామూలే. సగానికి పైగా పసుపైతేనే గాలి చాలనట్టు. అప్పుడు గొట్టం నోటి దగ్గర గాలి కిటికీ మీద ఉన్న రేకు స్క్రూ వదులు చేసి, రేకుని కొంచెం తెరిచి మళ్లీ బిగించాలి. మంట రంధ్రాన్ని వదిలి పైకి ఎగురుతూ బుస్సుమని చప్పుడు చేస్తే గాలి ఎక్కువైనట్టు, కొంచెం మూయాలి. గ్రిల్ చల్లారాకే చేయండి, ఒక్కోసారి వెంట్రుకవాసి తేడాతో జరపండి. సాయంత్రం వెలుగు తగ్గాక చూస్తే మంట రంగు స్పష్టంగా తెలుస్తుంది, పట్టపగలు ఎండలో నీలం మంట సరిగ్గా కంటికి ఆనదు.